దేవమ్మ చెప్పిన వయసు

దేవమ్మ మా బడి ఊడ్చే మనిషి. కాగితం మీద ఆమె పని గదులు ఊడవడం, నీళ్ళు పట్టడం. పొద్దున్నే గల్లీ గల్లీ తిరిగి, బడికి రాని పిల్లల ఇళ్ళ ముందు నిలబడి పేరు పెట్టి కేకలేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. హెడ్మాస్టరునని కుర్చీలో కూర్చునేది నేనే గానీ, పిల్లలు వచ్చేది ఆమె నోటికి భయపడే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

పన్నెండేళ్ళ కిందట ఒక జూన్‌లో ఆమె భవానిని చంకనేసుకొని నా గదిలోకి వచ్చింది. పిల్ల తల్లి చనిపోయి మూడు నెలలు. తండ్రి శ్రీశైలం పటాన్‌చెరులో కంపెనీ డ్యూటీకి పోతూ, పిల్లను ఇంట్లో ఉంచి బయట గొళ్ళెం పెట్టేవాడు. మా ఊరి అంగన్‌వాడీకి ఆ ఏడు తాళమే. పిల్లకు నిండా నాలుగేళ్ళు.

“ఆరేండ్లని రాయుండ్రి సారూ. ఈడనైతే నా కండ్ల ముందుంటది, ఇంత బువ్వ తింటది.”

అప్పట్లో పుట్టిన తేదీలు మా బల్ల మీదే పుట్టేవి. రిజిస్టరు చూస్తే సగం ఊరు జూన్ నెలలోనే పుట్టింది. నేనూ భవాని పుట్టిన ఏడును రెండేళ్ళు వెనక్కి జరిపి రాశాను. ఒకటో తరగతిలోనే రెండేళ్ళు కూర్చోబెడితే సరి అనుకున్నాను. పుణ్యం చేశానని మురిసిపోయాను కూడా.

దేవమ్మ ఆ పిల్లకు చుట్టం కాదు, పక్కం కాదు. అయినా పరీక్షలప్పుడు రాత్రిళ్ళు చదువుకుంటుంటే పక్కన కూర్చొని కునుకుతూ తోడుండేది. తల్లిదండ్రుల మీటింగుకు శ్రీశైలం రాకపోతే తనే వచ్చి ముందు వరసలో కూర్చునేది. పదోతరగతి పాసై, సంగారెడ్డిలో ఇంటర్ బైపీసీలో చేరిన భవాని నర్సు అవుతానంటే, ఊరంతా తిరిగి చెప్పింది.

మొన్న వానాకాలంలో శ్రీశైలానికి నడుం పడిపోయింది. అతని బదులు బిడ్డను పంపమన్నాడు కాంట్రాక్టరు. మందుల కంపెనీ, మూడు షిఫ్టులు. భవాని కాలేజీ మానేసింది. దేవమ్మ కంపెనీ గేటు దగ్గరికే పోయి లొల్లి పెట్టింది. పద్దెనిమిది నిండనిదే అక్కడ పనిలో పెట్టుకోకూడదు. సెక్యూరిటీ అతను భవాని ఆధార్ కార్డు చూపించాడు. నేను రాసిన పుట్టిన సంవత్సరమే అందులోకి ఎక్కింది. కార్డు లెక్కన పిల్లకు పద్దెనిమిది దాటాయి.

అయినా దేవమ్మ ఊరుకోలేదు. అక్కడా ఇక్కడా అడిగి, పిల్లల గురించి విచారించే ఆఫీసరును మా బడికే పట్టుకొచ్చింది. ఆయన రిజిస్టరు తెరిచి ఆ వరస మీద వేలు పెట్టాడు.

“ఇందుల కూడ గదే ఉన్నది కదమ్మా.”

“నేనే ఎక్కువ చెప్పి రాయించిన సారూ. అది ఇంట్ల పుట్టింది, దవాఖాన కాగితం లేదు. పదహారే దానికి, ఒట్టు.”

“నీ ఒక్క మాట మీద నడవదు. తెలిసే తప్పు రాసిన్నని రాసినాయన రాతపూర్వకంగా ఇస్తే, పిల్లను పనిల నుంచి ఆపిస్త. వయసు పరీక్షకు పంపిస్త.” ఆయన నా వైపు తిరిగాడు. “ఏం సార్, మీకు తెలుసా?”

నాకు రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలు. తెలుసంటే సస్పెన్షను, పెన్షన్ ఎక్కడో ఫైళ్ళలో ఇరుక్కుంటుంది. గుక్కెడు నీళ్ళు తాగాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు నిజం చెప్పమని బెత్తంతో నేర్పిన మనిషిని, సిగ్గు లేకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

దేవమ్మ నన్నే చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

“సారుకేం తెల్వది. నేను చెప్పింది రాసిండు, గంతే.”

ఆఫీసరు రిజిస్టరు మూసి, చేసేదేం లేదన్నట్టు చేతులు తిప్పి వెళ్ళిపోయాడు. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది. వాకిట్లో చెప్పులేసుకుంటూ, “మీకు గుడ పిల్లలున్నరు గద సారూ,” అంది.

సోమవారం నుంచి భవానికి రాత్రి షిఫ్టు వేశారు.