ఇంకా చల్లారని చుక్క

మొన్న సూర్యాపేటలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎంతకీ దిగిరాక విసుగ్గా మీట నొక్కుతూ ఉంటే, ఫోనులో రెండు ఫోటోలు వచ్చి పడ్డాయి. కోదాడ కాలేజీలో నా దగ్గర ఫిజిక్స్ చదువుకుని ఇప్పుడు పరిశోధన చేస్తున్న అమ్మాయి పంపింది. ఎప్పుడో పేలి చనిపోయిన ఒక నక్షత్రం శిథిలాన్ని అంతరిక్షంలోని ఎక్స్‌-రే టెలిస్కోపు ఏళ్ల ఎడంతో రెండుసార్లు తీసిన చిత్రాలవి. మొదటిది నాకు కంఠతా వచ్చు. రెండోది తెరవడానికి మాత్రం చెయ్యి రాలేదు, ఎందుకంటే సగం జీవితం దానికోసమే ఎదురుచూశాను.

నేను డాక్టరేటు చేస్తున్న రోజుల్లో మేము గరిడేపల్లిలో గొర్లు కాసుకునే మా అత్తగారింట్లో ఉండేవాళ్లం. పొద్దున్నే కోదాడ బస్సెక్కి పాఠాలు చెప్పి, క్లాసులయ్యాక కంప్యూటర్ ల్యాబులో కూర్చునేదాన్ని. ఎక్స్‌-రేలు మన గాలిని దాటి నేల మీదికి రావు గనుక టెలిస్కోపు పైనే తిరుగుతూ వాటిని పట్టేది. అది పోగుచేసిన వివరాలను హైదరాబాదులో మా గైడుగారు సీడీల్లో ఇచ్చేవారు. ఏ ఎక్స్‌-రే కణం ఎక్కడ పడిందో, ఎంత శక్తితో వచ్చిందో బియ్యంలో రాళ్లేరినట్టు చూసుకుంటూ పోతే చివరికి బొమ్మ తేలేది. కానీ ఆ శిథిలం అంచు ఇంకా బయటికి జరుగుతోందా, అడ్డం తగిలి ఆగిపోయిందా తెలియాలంటే కొన్నేళ్లు ఆగి మళ్లీ తీయాలి. బస్సు కాస్త ఆలస్యమైతేనే రోడ్డు మీద అటూ ఇటూ తిరిగే నాకు దేవుడు సరిగ్గా ఈ పనే అప్పజెప్పాడు.

నువ్వు చేసే పనేమిటని అత్తమ్మ అడిగిన రోజున, చచ్చిపోయిన చుక్కను చూస్తానని తొందరలో అనేశాను. చావింటి నుంచి వచ్చినవాళ్లు నీళ్లు పోసుకోకుండా గడప తొక్కకూడదు కదా, ఇక మర్నాటి నుంచి నేను బస్సు దిగి వచ్చేసరికి వాకిట్లో నీళ్ల గోలెం పక్కన చెంబు సిద్ధంగా ఉండేది. చలికాలమైనా తలమీద పోసుకోవాల్సిందే. మా ఆయన ముసిముసిగా నవ్వేవారు, నాకేమో ఒళ్లు మండేది. ఒక సాయంత్రం వణుక్కుంటూ, అది పేలి వందల ఏళ్లయినా ఇప్పటికీ కోట్ల డిగ్రీల వేడితో మండుతోంది కాబట్టే కనబడుతోందని అరిచినంత పని చేశాను. అత్తమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"కాష్టం గూడ మూడొద్దులకు సల్లారతది. గిన్నేండ్లయినా సల్లారకపోతే అది సచ్చినట్టెట్లయితది బిడ్డా? ఇగ కాళ్లు కడుక్కొని రా, సాలు."

అప్పటి నుంచి మంచాన పడ్డ చుట్టాన్ని వాకబు చేసినట్టు రోజూ దాని సంగతి అడిగేది. అంచు కదిలితే ఇంకా జీవం ఉన్నట్టేనని ఆమె లెక్క. రెండోసారి చూసే అవకాశం కోసం గైడుగారు ఎన్నిసార్లు అడిగినా, ప్రపంచమంతా క్యూ కట్టిన ఆ టెలిస్కోపు దగ్గర మా వంతు రాలేదు. ఒక్క బొమ్మతోనే నా డాక్టరేటు అయిపోయింది గానీ, మనసు కుదుటపడలేదు. ఈలోగా పైన టెలిస్కోపుకే వయసు మీరిపోతుందేమోనని లోపల ఒకటే పీకులాట. సూర్యాపేట దవాఖానలో ఆఖరిరోజుల్లో కూడా, "కదిలిందా బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ. ఇంకా తెలియదని చెప్పాను. చెప్పలేక చెప్పాను.

లిఫ్టు వచ్చింది, వెళ్లిపోయింది. మెట్లెక్కి ఇంటికొచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా రెండో ఫోటో తెరిచాను. అంచు కదిలింది. వెంట్రుకవాసే, కానీ కదిలింది. ఏడుపొచ్చింది.

మా కాలంలో ఒక్క బొమ్మ కోసం ఏళ్లు పట్టేది, ఇంటికి రాగానే దాని సంగతి అడగడానికి మాత్రం మనిషి ఉండేది. ఇప్పుడు బొమ్మ లిఫ్టుకన్నా ముందే వస్తోంది. మా గుమ్మం ముందు గోలెం లేదు, చెప్పుల స్టాండు ఉంది. కదిలింది అత్తమ్మా, ఇంకా చల్లారలేదు అని గోడకు చెప్పినట్టు చెప్పి, బాత్రూములోకి పోయి కాళ్లు కడుక్కొచ్చి కూర్చున్నాను.