ఆ పొద్దున ఫోను మోగలేదు

నాలుగేళ్ళ నుంచి ఒక మాట మోస్తున్నాను. ఎవరైనా "ఆఁ? కొంచెం గట్టిగా చెప్పండి" అంటే చాలు, నా గుండె జారిపోతుంది. ఎందుకో మా ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమలాపురంలో ఒక చిన్న డేటా సెంటర్‌లో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో మా సర్వర్‌కి తెలుస్తూ ఉంటుంది. తగ్గిందంటే చెరువు కాపలా మనిషికి సర్వరే ఫోను చేస్తుంది. ఆయన పరుగెత్తి నీళ్ళని చిలికే చక్రాలు ఆన్ చేస్తాడు, రొయ్య బతుకుతుంది. అంతే మా పని.

ఆ రోజు కొత్త వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టాలి. అంటే ఉన్న సర్వర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని తయారుచేయడం. మా యజమానిగారు ముహూర్తం చూడనిదే స్విచ్చి కూడా వేయరు. తెల్లవారి ఆరూ పదిహేడు అన్నారు. సర్వర్ బీరువాకి పసుపు రాసి, నిమ్మకాయ కట్టారు. హారతి మాత్రం గుమ్మం బయటే, పొగకి అలారం మోగుతుందని. నేను పాత మెషీన్‌కి నకలు తీసి, ఒకే కబురుకి రెండు ఫోన్లు వెళ్ళకుండా, ఫోన్లు చేసే ప్రోగ్రాం ఆ నకల్లోంచి తొలగించాను. నకలుతోపాటు పాతదాని అడ్రస్ కూడా వచ్చేస్తుంది, అది మార్చాకే ఆన్ చేయాలి. నాకు తెలియదా? బాగా తెలుసు. "ఘడియ దాటిపోతోందమ్మాయ్, కానియ్" అన్నారు యజమానిగారు. తర్వాత మార్చొచ్చులే అనుకుని ఆన్ చేశాను. కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదం తిన్నాను. మర్చిపోయాను.

ఒకే డోరు నంబరుతో రెండిళ్ళుంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు? చెరువుల సమాచారం కాసేపు పాతదానికి, కాసేపు కొత్తదానికి. కొత్తది ఎవరికీ ఫోను చేయదు. తెరమీద అంకెలు వస్తూ పోతూ ఉంటే కేబుళ్ళు పీకి పెట్టాను, అన్నీ ఆపి మళ్ళీ వేశాను, నెట్ వాళ్ళని తిట్టాను. రెండు గంటలకి గాని అడ్రస్ సంగతి గుర్తు రాలేదు. మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. అప్పటికే ఉప్పలగుప్తం దగ్గర ఒక చెరువులో రొయ్యంతా తేలి చచ్చిపోయింది.

మర్నాడు ఆ చెరువు కాపలా పెద్దాయన మా ఆఫీసుకి వచ్చారు.

"అమ్మాయిగారండీ, చెరువు ఆసామి నేను నిద్దరోయానంటున్నారండీ. గట్టు మీదే కూచున్నానండీ. ఫోను మోగలేదండీ. మీ మిషన్లో ఉంటది కదండీ, ఓపాలి చూసి చెప్పండి."

చూడక్కర్లేదు. అయినా తెర వైపు తిరిగాను. పక్క గదిలో యజమానిగారు. ఉద్యోగం పోతుందని భయం, ప్రాణం పోతుందేమోనన్నంత భయం.

"వెళ్ళిందండి బాబాయిగారూ. మూడుసార్లు వెళ్ళింది."

మూడుసార్లు! ఒకసారి అంటే సరిపోయేది కాదా? ఆ మూడు ఎక్కణ్ణించి వచ్చింది?

దెబ్బలాడతారనుకున్నాను. ఆయన చెవి తడుముకున్నారు. "ఆయ్. మిషను అబద్ధమాడదు కదండీ. నాకే వినపళ్ళేదేమోనండి."

పచ్చ బటన్ నొక్కడం తప్ప ఆ ఫోనులో ఆయనకేమీ రాదు. ఎవరైనా దాంట్లో వచ్చిన కాల్స్ ఒక్కసారి చూసి ఉంటే నా అబద్ధం అక్కడే బయటపడేది. చూస్తారేమోనని వారం రోజులు అన్నం సహించలేదు. ఎవరూ చూడలేదు. ఆసామికి మా మాటే చాలింది, బాబాయిగారిని పనిలోంచి తీసేశారు. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. మరి నేను చేసింది ఆయనెందుకు అనుభవించాలి?

మొన్న ముమ్మిడివరం బస్టాండులో కనిపించారు. అటు తిరిగి నిలబడి ఉన్నారు. "బాగున్నారా బాబాయిగారూ" అన్నాను. నాకే సరిగా వినపడనంత సన్నగా అన్నాను. ఆయన చటుక్కున వెనక్కి తిరిగారు. నన్ను పోల్చుకోలేదు.

"ఎవరమ్మా? కొంచెం గట్టిగా చెప్పండి, నాకు చెవుడండీ."

వచ్చిన బస్సు ఎక్కేశాను. అది ఎటు వెళ్ళేదో కూడా చూడలేదు.

బాబాయిగారికి చెవుడు లేదు. ఈ మాట ఆయనకి చెప్పలేక మీకు చెబుతున్నాను. ఆ పొద్దున ఫోను మోగలేదు.