టైలరమ్మ కుందేలూ, నా మనవరాలూ

మా ఎదురింటి టైలరమ్మకు పిల్లల్లేరు. చొక్కాల కంపెనీలో ఏళ్ళ తరబడి కాలర్లు కుట్టి, అది మూతపడ్డాక వాకిట్లోనే మిషను వేసుకుంది. ఎవరి పిల్లాడో మోజు తీరిన కుందేలును చెప్పుల డబ్బాలో పెట్టి ఆవిడ గుమ్మంలో వదిలిపోయాడు. ఆనాటి నుంచి వీధి పిల్లలంతా అక్కడే. ఇంత వివరం నాకెలా తెలుసంటారా? మా ఇంటికి కిటికీ ఎందుకుంది మరి!

వీధి పిల్లల మాట అలా ఉంచండి, నా మనవరాలికేం వచ్చింది? ఒకటో తరగతి. బడి నుంచి రాగానే నా ఒళ్ళో వాలి కబుర్లన్నీ చెప్పేది. ఇప్పుడు సంచి గుమ్మంలోనే గిరాటేసి ఎదురింటికి పరుగు. ఇంట్లో తిన్న కంచం తీయదు, అక్కడ కుందేలు గూడు ఊడుస్తుంది! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ టైలరమ్మ ఏం మందు పెట్టిందో చూద్దామని ఒక సాయంత్రం నాలుగు బిస్కెట్లు పట్టుకుని వెళ్ళాను.

"రండి పిన్నిగారూ, జాకెట్టు కుట్టాలా?" అంది టైలరమ్మ.

"లేదమ్మా, ఇటుగా పోతూ వచ్చాను." మధ్యలో ఉన్నది మూరెడు వీధి!

మనవరాలు పాత నీళ్ళు పారబోసి, గిన్నె తోమి, కొత్త నీళ్ళు పోసింది. గడ్డి దులిపి వేసింది. ఆ తర్వాతే కుందేలు ముందు చతికిలబడి నుదుటి నుంచి వీపు దాకా మెల్లగా నిమిరింది. నేనూ బిస్కెట్టు పట్టుకుని చెయ్యి చాపాను.

"నానమ్మా! అది తింటే దానికి కడుపునొప్పి వస్తుంది. ముట్టుకోకు కూడా. నువ్వు దానికేం పని చేశావు?"

"చూశావటమ్మా, దీని పెత్తనం!"

"ఇక్కడ అదే పద్ధతి పిన్నిగారూ," టైలరమ్మ నవ్వింది. "పని చేసిన చేతికే ముద్దు. దీన్ని వదిలేసిపోయిన పిల్లాడికి ముద్దు చెయ్యడమొక్కటే నేర్పారు."

"మరి పిల్లలు రాని రోజు దాన్ని మాడుస్తావా?"

"అయ్యో, నేనే పెడతాను. ఆ రోజు నిమిరేదీ నేనే."

మాట బాగుంది. బాగున్నందుకే నాకు మరింత మండింది.

మర్నాడు మోకాళ్ళు పట్టేసి మంచమెక్కాను. నిజంగా నొప్పే, అనుమానపడకండి. సాయంత్రం సంచి పడిన చప్పుడు, వెంటనే ఎదురింటి గేటు చప్పుడు. ఇంకేముంది, వెళ్ళిపోయిందని గోడవైపు తిరిగి పడుకున్నాను.

కాసేపటికి తిరిగొచ్చింది. "కుందేలుకి పెట్టేశాను. నీకెవరు పెట్టారు?"

నా పక్కనున్న గ్లాసులో పొద్దుటి నీళ్ళు పారబోసి, కడిగి, మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగేదాకా చూసి, మంచం మీద చతికిలబడి నా నుదుటి నుంచి వెనక్కి మెల్లగా నిమరసాగింది.

"నేనేమన్నా కుందేల్నా ఏమే?"

"కాదులే. నువ్వు గడ్డి తినవుగా."

ప్రాణం లేచొచ్చింది. ఆ నిమరడం ఎవరు నేర్పారో గుర్తొచ్చి లోపల ముల్లు గుచ్చుకుంది కూడా. ఎదురింట్లో మిషను టకటకలాడుతోంది. ఆవిడ కూర్చునే చోటికి నా మంచం చక్కగా కనిపిస్తుంది.

"ఆ కిటికీ బార్లా తెరువు తల్లీ."

"గాలి కోసమా నానమ్మా?"

"గాలికీనూ."