మామగారి పడవకు ఇంజను బిగించిన ఆషాఢం

గోదావరి కాలువల మీద పొగపడవ నడిపిన మొదటివాణ్ణి నేనేనని ఈ ఊళ్ళో చాలామందికి చెప్పాను. అబద్ధం. దొరల పొగపడవలు అంతకుముందే తిరిగేవి. నా ఇంజనుది పది గుర్రాల బలమన్నదీ అబద్ధమే, రెండు మేకలనుకోండి. కార్ఖానాలో నీళ్ళు తోడి తోడి అరిగిపోతే మూలపడేసిన ఇంజను అది. నేనక్కడ ఫిట్టరుని. దాన్ని మామగారి పడవలో బిగించింది మాత్రం నిజం.

మామగారికి ఉన్నది ఆ ఒక్క పడవే. ధవళేశ్వరం నుంచి సామర్లకోట దాకా, తాడు భుజానికేసుకుని గట్టు మీద నడుస్తూ లాగేవారు. కుడిభుజం కాయకట్టి, ఆ చెయ్యి పైకి లేచేది కాదు. "ఇక మీరు తాడు ముట్టుకోనక్కర్లేదు మామగారూ" అని నేను కోసిన కోతలు నమ్మి, తోడు లాగే ఇద్దరినీ వేరే పడవకు పంపేశారు. ఐదురోజుల్లో పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్ళే జనం ఎక్కాలి. ఇంజను తిరక్కపోతే మళ్ళీ ఆ భుజమే లాగాలి, అదీ ఒంటరిగా.

పైగా ఆషాఢం. కొత్తల్లుణ్ణి, అత్తవారి గడప తొక్కకూడదు. తిండీ పడకా పడవలోనే. ఇరవై గజాల దూరంలో రేవుమెట్ల మీద నా భార్య గిన్నెలు తోముతూంటే చూడనట్టు చూసేవాణ్ణి. ఒక్కచోట కాలు నిలిచేది కాదు.

మొదటిరోజు ఆవిరి ఎక్కించి వాల్వు తిప్పాను. పడవ వెనక నీళ్ళు నెట్టే తెడ్లచక్రం నాలుగు చుట్లు తిరిగింది. అంతలో సిలిండరు దభీదభీమని కొట్టుకుని, గొట్టంలోంచి వేడినీళ్ళు కక్కి ఆగిపోయింది. ఆవిరి కారకుండా కూరిన జనపనార పీకి, నూనెలో తడిపి మళ్ళీ కూరాను. నాలుగు చుట్లు. వాల్వు ఊడదీసి, అరగదీసి బిగించాను. ఐదు చుట్లు. విప్పడం, బిగించడం, గట్టెక్కడం, దిగడం.

"అల్లుడుగారి ఇంజనుకి దగ్గొచ్చిందండోయ్! మిరియాల కషాయం పొయ్యండి!" అన్నాడు గట్టు మీద ఒకడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. "ఇంజనుది కాదండీ తప్పు. చక్రం ఇరుసు కింద మామగారు పెట్టిన కొయ్యదిమ్మలు వంకర" అనేశాను.

ఆయన బాడిస తీసుకుని, లేవని ఆ చేత్తోనే రెండురోజులు దిమ్మలు ఊడదీసి చెక్కారు. నేను పక్కన కూర్చుని "ఇంకాస్తండీ" అంటూ వచ్చాను. దిమ్మలు మొదటినుంచీ సమంగానే ఉన్నాయి. రసమట్టం పెట్టి చూసింది నేనే.

నాలుగోనాడు పొద్దున్నే, జనం రాకముందు, మళ్ళీ ఆవిరి ఎక్కించాను. రేవులో నా భార్య ముక్కు ఎగబీల్చి, ఆషాఢం మాట మరిచి పలకరించింది.

"ఏవండీ, అందులో పాలేవైనా కాస్తున్నారా? విరిగిన వాసనొస్తోంది!"

"నెమ్మదిగా!" అన్నాను. వెనక దిమ్మల దగ్గర వంగి ఉన్న మామగారు వినలేదనుకున్నాను.

మొదటిరోజు అత్తగారు నన్ను తాగమని చెంబెడు పాలు పంపారు. కొత్త పనికి పూజ ఉండాలి కదా అని, వాటిలో కొబ్బరినీళ్ళు కలిపి, ఎవరూ చూడకుండా బాయిలరుకు అభిషేకం చేశాను. పైన పోసినా బాగుండేది. లోపల పోశాను. గిన్నెలో పాలు పొంగినట్టే అవి పొంగి, ఆ నురగా నీళ్ళూ ఆవిరితోపాటు సిలిండరులోకి దూరుతున్నాయి. అనుమానం నాకు మొదటి సాయంత్రమే వచ్చింది. కానీ బాయిలరులోని నీళ్ళు వదిలితే అందరి ముందూ తెల్లగా కారతాయి. ఫిట్టరు ఇంజనుకు పాలు పట్టాడంటే ఇంకేమైనా ఉందా! అందుకని ముసలాయన చేత కొయ్య చెక్కించాను.

బాయిలరు ఖాళీ చేసి, మూడుసార్లు కడిగి, బిందెల్లో తేర్చిన నీళ్ళు పోశాను. చక్రం తిరిగింది, ఆగలేదు. ఎలా కనిపెట్టారండీ అని గట్టు మీదవాళ్ళు అడిగితే, చెవి ఆనించి విన్నానన్నాను. నిన్నమొన్నటిదాకా అదే చెబుతూ వచ్చాను.

మర్నాడు జాతరజనం ఎక్కారు. మామగారు లాగుడుతాడు చుట్టచుట్టి తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసి, చుక్కాని పట్టుకున్నారు, ఎడమచేత్తో.

"ఇదెందుకండీ ఇంకా?" అన్నాను.

"ఉండనివ్వండి అల్లుడుగారూ. దారిలో ఆగితే లాగాల్సింది మీరే కదా" అన్నారు, కాలువ మీంచి చూపు తిప్పకుండా. "ఈసారి మీ అత్తగారు పాలు పంపితే మీరే తాగండి. భుజానికి బలం."