నాన్న చెప్పిన వెండి గని

ఇక నెల రోజులే అని డాక్టరు చెప్పిన వారంలో నాన్న నన్ను ఒక్కటే అడిగాడు. గుడికి తీసుకెళ్ళమనలేదు, ఫలానా కూర వండి పెట్టమనలేదు. "ఆ వెండి గని సినిమా ఎక్కడైనా దొరుకుద్దేమో సూడవే" అన్నాడు.

చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్ హాల్లో, టీవీకి ఎదురుగా అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచం వేశాం. మీట నొక్కితే తలవైపు పైకి లేస్తుంది. దాని మీద ఆనుకుని చిన్నప్పటి సినిమా చూసుకోవాలని ముచ్చటపడుతున్నాడు కాబోలు, పోనీలే అనుకున్నాను.

"నాకోసం కాదే. మా అన్నకి సూపించాలి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మనిషి మంచం పట్టి, గుప్పెడు ఎముకలై మిగిలాక కూడా ఇంకా అదే గొడవా అనిపించింది. మా పెదనాన్నకీ నాన్నకీ అరవై ఏళ్ళుగా మాటల్లేవు. పెదనాన్న కొడుకు దగ్గర, ఊరికి ఆ చివర పుంగ్గోల్‌లో ఉంటాడు. రైలెక్కితే గంటన్నర కూడా పట్టదు. అయినా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. నా పెళ్ళికి మాత్రం పెదనాన్న మండపానికి వచ్చి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. ఆ రోజు అమ్మ మండపం వంటగదిలో ఏడ్చింది. నాన్న మాత్రం భోజనాల దగ్గర నిలబడి అందరికీ మారు వడ్డించమని కేకలు వేస్తూ తిరిగాడు.

ఇంతకీ తగాదా పొలం గురించి కాదు, ఇంటి గురించి కాదు. ఒక కౌబాయ్ సినిమా గురించి.

మా తాతల తరంవాళ్ళు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి, సముద్రం దాటి ఈ దేశం వచ్చి, ఇక్కడ ఓడలు మరమ్మతు చేసే యార్డులో పనికి కుదిరారు. వాళ్ళకిచ్చిన వరస ఇళ్ళను అందరూ లైన్లు అనేవారు. శనివారం సాయంత్రం చీకటి పడుతుండగా లైన్ల వెనక మైదానంలో రెండు గెడలు పాతి, తెల్ల దుప్పటి కట్టి, యార్డువాళ్ళు ఇంగ్లీషు సినిమా వేసేవారట. చూసేవాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కే. అందుకని తమిళులు ఒక మూల, మలయాళీలు ఒక మూల, మనవాళ్ళు ఒక మూల కూర్చుని, ఎవరికి వాళ్ళు తమలో నాలుగు ముక్కలు చదివినవాణ్ణి ముందుకు తోసేవారు. వాడు నిలబడి తన వాళ్ళకి కథ చెప్పాలి. మనవాళ్ళకి చెప్పేది మా నాన్న. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఇంగ్లీషు బడిలో ఆరో తరగతి దాకా చదివాడు, లైన్లలో తెలుగువాళ్ళకి అదే గొప్ప.

దుప్పటికి ఎడమపక్క నిలబడి మగ గొంతు, ఆడ గొంతు, గుర్రం సకిలింపు అన్నీ తనే చేసేవాడట. మధ్యలో పాటలు పాడే కౌబాయ్ సినిమాలంటే ఆయనకు మహా ఇష్టం, ఎందుకంటే పాట వచ్చినంతసేపూ గొంతుకి విశ్రాంతి. "హీరో గిటారు తీసినాడు, పిల్లల్ని ఒంటేలుకి తీసుకెల్లేవాళ్ళు తీసుకెల్లండి" అని కేకేసేవాడట. ఈ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పినా నవ్వొచ్చేది.

ఆ వెండి గని సినిమాలో ఇద్దరు భాగస్వాములు, ఒకడు పెద్దవాడు, ఒకడు కుర్రవాడు. కొండలో వెండి దొరుకుతుంది. గని ఎవరిదన్న తగాదా వస్తుంది. తెల్ల టోపీ హీరో గుర్రం మీద వచ్చి, నాలుగు పాటలు పాడి, నలుగుర్ని కొట్టి తగాదా తీరుస్తాడు. నాన్న చెప్పిన కథలో, పెద్దవాడు కుర్రాడికి చెప్పాపెట్టకుండా ఊళ్ళోకి వెళ్ళి, సర్కారు కచేరీలో గనిని తన ఒక్కడి పేరునే రాయించుకుంటాడు. ఆ పెద్దవాడికి నాన్న మా పెదనాన్న గొంతు పెట్టాడు. మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం, "పెద్దోడిని, నాకు తెల్దేటి" అనడం, అచ్చు గుద్దినట్టు పెదనాన్నే.

జనం మొదట పగలబడి నవ్వారట. తర్వాత ఒక్కొక్కరికీ విషయం తలకెక్కింది. అంతకు రెండు నెలల ముందే యార్డు వర్క్‌షాపులో మెకానిక్కు పని నేర్పడానికి లైన్ల నుంచి ఒక్కణ్ణి తీసుకున్నారు. చదువుకున్నవాడు కాబట్టి అది నాన్నకే అని అందరూ అనుకున్నారు. వచ్చింది పెదనాన్నకి. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు, అనుమానాలు మాత్రం అందరికీ ఉన్నాయి. నవ్వు ఆగిపోయిన ఆ మైదానంలో పెదనాన్న లేచి, భార్యనీ పిల్లనీ తీసుకుని, వెనకనుంచి పోవడానికి దారి ఉన్నా, బొమ్మ పడుతున్న వెలుతురుకి అడ్డంగా నడిచి వెళ్ళిపోయాడు. దుప్పటి మీద ఆయన నీడ ఈ చివరనుంచి ఆ చివరకి పోయిందని అమ్మ బతికున్నప్పుడు చెప్పేది. అమ్మ కూడా ఆ రోజు ఆ మైదానంలోనే ఉంది.

"నానేటి సేసినాను? సినిమాలో ఉన్నదే సెప్పినాను. ఆడు తన మీదేసుకున్నాడు" అనేవాడు నాన్న. అరవై ఏళ్ళూ అదే మాట. నేనూ నమ్మాను. ఉన్నది చెప్పినందుకు అన్న దూరమయ్యాడని ఆయన మీద జాలిపడ్డాను కూడా.

ఆ సినిమా పేరు ఎవరికీ గుర్తులేదు. నా ఉద్యోగం వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో. సినిమాలకూ సీరియళ్ళకూ కింద వేసే సబ్‌టైటిళ్ళు సరిచూస్తాను. తెర మీద మనిషి అన్నదొకటీ, కింద రాసిందొకటీ అయితే పట్టుకుని వెనక్కి పంపడమే నా పని. ఇంట్లో కూడా నాకదే జబ్బని మా ఆయన అంటాడు. పాత సినిమాలు ఎక్కడ వెతకాలో తెలుసు కాబట్టి నాలుగు రోజులు వెతికాను. వెండి గనుల సినిమాలు ఇన్ని తీశారని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్కొక్కటీ నాన్నకు చూపించడం, ఆయన కళ్ళు చికిలించి "ఈ గుర్రం కాదే, దాని మొకం మీద తెల్ల మచ్చుంటాది" అనడం. ఐదో రోజు, అడ్డదుంగలు పెట్టిన గని ముఖద్వారం తెర మీద కనబడగానే చెయ్యి పైకెత్తాడు. "ఇదే. ఇదే" అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను చాలా కాలంగా చూడలేదు.

పది నిమిషాలు చూసేసరికి అలిసిపోయాడు. "మిగతాది నువ్వు సూసి, కచేరీ సీను ఎక్కడుందో గుర్తెట్టు. మా అన్నకి అదే ఎయ్యాలి" అని కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో భోజనం వేళ చూశాను. కచేరీ సీను వచ్చింది. పెద్దవాడు ఒంటరిగా గుర్రం మీద ఊళ్ళోకి వెళ్ళాడు, నిజమే. గుమాస్తా ముందు కూర్చుని కాగితం రాయించాడు, అదీ నిజమే. కానీ రాయించింది కుర్రాడి పేరు. గని ఇంతవరకూ నా ఒక్కడి పేరునే ఉంది, నేను ముసలాణ్ణి అయిపోతున్నాను, వాడి పేరు కూడా పక్కన చేర్చండి అన్నాడు. తిరిగి వచ్చే దారిలో, గని మీద కన్నేసిన హోటలు యజమాని మనుషులు అతన్ని కాల్చేసి ఆ కాగితం దాచేశారు. అన్నలాంటివాడు మోసం చేశాడని కుర్రాడు సినిమా అంతా ఏడుస్తూ తిరుగుతాడు.

ఆ సీను మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నోట్లో ఏదో నములుతున్నట్టు, సగం ముక్కుతో మాట్లాడిన మాటలు. సినిమా ఆడించే జనరేటరు మోతలో, ఆరో తరగతి ఇంగ్లీషుతో నిలబడ్డ కుర్రాడికి అందులో ఎన్ని అంది ఉంటాయి? ఒక పెద్దవాడు చెప్పకుండా వెళ్ళి కాగితం రాయించడం కళ్ళారా చూశాడు. మిగతాది తన కడుపుమంటలోంచి నింపుకున్నాడు. తర్వాతి కథని దానికి తగ్గట్టు ఎలా లాక్కొచ్చాడో ఆ దేవుడికే తెలియాలి.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. సీను దొరకలేదనో, ఫిల్ము అక్కడ తెగిపోయిందనో చెప్పి ఉంటే సరిపోయేది. ఆ సాయంత్రం నేను ఇంటికి రాగానే ఆయన ఆశగా "దొరికిందేటే?" అన్నాడు. నేను చెప్పులు కూడా విడవకుండా, "నాన్నా, నువ్వు చెప్పింది తప్పు. సినిమాలో అలా లేదు" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? మంచం తలవైపు లేపి, టీవీలో ఆ సీను పెట్టి, ఒక్కొక్క మాటా ఆపి ఆపి అర్థం చెప్పాను. అరవై ఏళ్ళు అమ్మని, మమ్మల్ని, పెదనాన్నని ఇలా చేశావు కదా అన్న కోపం కూడా నా గొంతులో ఉంది. అది ఆయనకు వినబడింది.

సీను అయిపోయాక, "మంచం దింపు" అన్నాడు.

దింపాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెంచాతో గంజి పెడితే రెండు గుటకలు మింగి చాలన్నట్టు పెదాలు బిగించేవాడు. వంటగదిలోకి వెళ్ళి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. చావబోయే మనిషికి తప్పులు దిద్దిన మహా పండితురాలిని.

మూడో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి పుంగ్గోల్ వెళ్ళాను. గేటు తీసిన పెదనాన్న మనవరాలు లోపలికి తిరిగి, "తాతా, గాట్ ఆంటీ లుకింగ్ ఫర్ యూ లా" అంది, ఎవరో ఆంటీ నీకోసం వచ్చిందని ఇక్కడి యాస ఇంగ్లీషులో. నేను వరసకు ఆ పిల్లకు అత్తనని దానికి తెలియదు. పెదనాన్న చక్రాల కుర్చీలో, లుంగీ మీద ఉన్నాడు. నేనెవరో చెప్పాను. నాన్న సంగతి చెప్పాను. సినిమా దొరికిందన్నాను.

"నాకు కళ్ళు సరిగ్గా ఆనవమ్మా. నువ్వే సెప్పు" అన్నాడు.

దారంతా అనుకుంటూ వచ్చింది అదే. నాన్న చెప్పినట్టే చెప్పాలి, ఆయన ఉన్నదే చెప్పాడని పెదనాన్న ఒప్పుకోవాలి, ఒక్కసారి వచ్చి కనబడాలి. చెప్పుకుంటూ కచేరీ సీను దాకా వచ్చాను. పెద్దవాడు గనిని తన ఒక్కడి పేరునే రాయించుకున్నాడు అన్నాను. తప్పుడు అనువాదాలు వెనక్కి పంపే నేను, జంకు లేకుండా అన్నాను.

పెదనాన్న రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "అలాగ లేదు కదమ్మా అందులో" అన్నాడు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"మలయాళీలకి కథ సెప్పే ఆయన్ని ఆ మర్నాడే అడిగినాను. కుర్రోడి పేరు రాయించడానికే ఎల్లినాడంట కదా పెద్దోడు."

"మరి అప్పుడే అందరికీ ఎందుకు చెప్పలేదు పెదనాన్నా?"

"సెప్తే ఏటవుద్ది? ఈడికి ఇంగ్లీసే రాదని లైన్లన్నీ నవ్వుతాయి. ఉద్యోగం ఎలాగా నేనే పట్టుకుపోయినాను. ఆ దుప్పటి పక్కన నిలబడ్డం కూడా లేకుండా సెయ్యమంటావేటి?"

లుంగీ మోకాళ్ళ మీదికి సర్దుకున్నాడు. తర్వాత ఆయనే అన్నాడు. "యార్డు దొర దగ్గిరికి నేనే ఎల్లినానమ్మా. తమ్ముడికి సాతీ బాగోదు, దగ్గుతాడు అని సెప్పినాను. ఆడికి ఏ దగ్గూ లేదు. నాకు పెల్లాం, పిల్ల. ఆ పని నాకు కావాలనిపించింది. సినిమాలో లేదు గానీ, నా సంగతిలో ఆడు సెప్పిందే నిజం. అందుకే లేచెల్లిపోయినాను. మల్లీ ఏ మొకం ఎట్టుకుని వత్తాను?"

"ఈ మాట నాన్నకు చెప్తారా?" అని అడిగాను.

"సెప్తాను. రేపు పొద్దున్నే వత్తాను. ఇలాగ లుంగీ మీద రానమ్మా. గెడ్డం గీసుకుని, మంచి బట్ట కట్టుకుని వత్తాను" అన్నాడు.

అప్పుడే టాక్సీ పిలిచి, లుంగీతోనే ఎక్కించుకుని తీసుకుపోవాల్సింది. బయట వాన పడుతోంది, నేను అలిసిపోయి ఉన్నాను. అరవై ఏళ్ళు ఆగారు, ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి నాన్న నిద్రపోతున్నాడు. లేపి చెప్పవచ్చు. పొద్దున్న మనిషే వస్తున్నప్పుడు మాటెందుకులే అని లేపలేదు.

తెల్లవారుతుండగా ఆయన ఊపిరి ఆగిపోయింది.

ఎనిమిదింటికి పెదనాన్న వచ్చాడు. నున్నగా గీసిన గెడ్డం, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు పోని పంచె. ఎవరూ ముందుగా ఫోన్ చేసి చెప్పలేదు, చెప్పాల్సింది నేనే, నాకు తోచలేదు. మంచం చువ్వ పట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడి, తమ్ముడి మొహం దగ్గరకు వంగి చాలాసేపు చూశాడు.

మధ్యాహ్నం మా బ్లాకు కింద ఖాళీగా వదిలిన అంతస్తులో, వాయిడ్ డెక్‌లో శవాన్ని ఉంచాం. పాత లైన్లవాళ్ళలో మిగిలిన ఆరేడుగురు ముసలివాళ్ళు వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన, "సినిమా ఎంత బాగా సెప్పేవాడో" అని, పెదనాన్నను చూసి చటుక్కున ఆగిపోయాడు. అందరూ నేల చూపులు చూశారు.

పెదనాన్న గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా అన్నాడు. "ఆ వెండి గని సినిమా గురుతుంది కదా మీకు. మా తమ్ముడు ఉన్నదున్నట్టే సెప్పినాడు. దొంగని నేనే."

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన లేచి వచ్చి పెదనాన్న భుజం మీద చెయ్యి వేశాడు. నాన్న జీవితాంతం ఎదురుచూసిన మాట, ఆయన ఎవరి ముందు వినాలనుకున్నాడో వాళ్ళందరి ముందూ వచ్చింది. నేను నాన్న తల దగ్గర నిలబడి ఉన్నాను. ఆ సినిమా గురించి నాన్న ఆఖరుగా విన్నది ఈ మాట కాదు. నేను టీవీ ఆపి ఆపి చెప్పిన మాట.