సుగుణక్క అన్నం అడిగింది

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. సుగుణక్క లేదన్నారు.

మొన్ననే అశోక్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లి చాయ్ తాగి వచ్చాను. "మోకాళ్లు సతాయిస్తున్నయిరా" అని నవ్వింది. ఫోన్ పెట్టేశాక కూడా, చెప్పింది ఎవరి గురించో అర్థం కానట్టు అలాగే నిలబడ్డాను.

సుగుణక్క మా పెదనాన్న కూతురు. నాకంటే ఏడాది పెద్ద. చిక్కడపల్లిలో ఒకే ఇంట్లో పక్కపక్క పోర్షన్లలో పెరిగాం.

ఇలాంటివి నాకు రాయడం రాదు. బడి మధ్యలో మానేసినవాణ్ణి. రోజూ రాసేది ఇంటి ఖర్చుల లెక్క ఒక్కటే.

కానీ నిన్నటి నుంచి మన ఫ్యామిలీ గ్రూప్‌లో వస్తున్న మెసేజ్‌లు చదివి ఊరుకోలేకపోతున్నాను.

"త్యాగమూర్తి."
"అందరూ తిన్నాకే తినేది."
"జీవితంలో ఎవర్నీ ఏదీ అడగలేదు."

ఆఖరిది ఆమె తమ్ముడు రవి పెట్టాడు. దాని కింద వరసగా దండాలు.

అబద్ధం.

అడిగింది. నేను విన్నాను. రవీ, నువ్వూ విన్నావు.

పిల్లలకు తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

1969లో తెలంగాణ గొడవలు తగ్గి స్కూళ్లు మళ్లీ తెరిచిన రోజులు. సుగుణక్కకు పదిహేనేళ్లు. స్కూల్లో ఆమెను దాటి పరుగెత్తే పిల్ల లేదు. తెల్లారకముందే ప్రాక్టీసుకు వెళ్లేది. ఆడపిల్లను ఒంటరిగా పంపరు కాబట్టి తోడు నేను.

తిరిగొచ్చాక ఆమెకు దొరికేది ఒక కప్పు చాయ్. పెదనాన్న పూజ కావాలి, ఆయన తినాలి, రవి తినాలి. ఆడవాళ్ల వంతు ఆ తర్వాతే. అప్పటికి స్కూల్ టైమ్ అయ్యేది. చాలాసార్లు అలాగే పరుగెత్తేది స్కూలుకు.

ఒకసారి గేమ్స్ టీచర్ ఇంటికే వచ్చి చెప్పింది. "ఎదిగే వయసమ్మా. ఇంత పరుగెత్తే పిల్లకు ఇది చాలదు. పొద్దున వెళ్లేముందు అరటిపండో, రొట్టెముక్కో పెట్టండి. రాగానే అన్నం, పప్పు. ఒక గుడ్డు, గ్లాసు పాలు."

మా నాయనమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "వయసొచ్చిన పిల్లకు గుడ్డా? వేడి జేస్తది టీచరమ్మా. రేపు ఏమన్నైతే ఎవరు జవాబు?"

టీచర్ మాట వృథా మాత్రం పోలేదు. మర్నాటి నుంచి ఇంట్లోకి గుడ్డు, పాలు వచ్చాయి.

రవికి.

వాడు పరుగెత్తేది పతంగి వెనకాల మాత్రమే.

జిల్లా సెలెక్షన్ ఒక ఆదివారం పెట్టారు. ఆదివారమంటే పెదనాన్న నూనె పెట్టుకుని తలస్నానం చేస్తాడు, పూజ ఆలస్యమవుతుంది, అన్నం మధ్యాహ్నానికే. పోటీ పది గంటలకు.

సుగుణక్క వంటింటి గడప దగ్గర నిలబడింది.

"నాయనమ్మా, పది గంటలకు పరుగున్నది. రాత్రి అన్నమైనా సరే, జర పెట్టవా?"

"మీ నాయిన ఇంకా దేవుని కాడనే ఉన్నడు. ఆయన తినకముందే నీకు కంచం పెట్టాల్నా?"

"రవి తింటున్నడు గద!"

"వాడు ఎదిగే పిల్లగాడు."

"నేను ఎదుగుతలేనా? ఈ లంగా సూడు. పోయినేడు పాదాల మీదుండె, ఇప్పుడు పిక్కల మీదికొచ్చింది."

నాయనమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గిన్నె మీద మూత పెట్టేసింది. "అంత ఆకలైతే పరుగు బంద్ చెయ్యి."

ఇద్దరం నడుచుకుంటూ బయల్దేరాం. నారాయణగూడ చౌరస్తాలో హోటల్లోంచి బిస్కెట్ల వాసన వస్తే ఆమె అడుగు ఆగింది. ఆడపిల్ల హోటల్ ముందు నిలబడిందని ఎవరైనా ఇంట్లో చెబితే గ్రౌండ్ కూడా బంద్. తల దించుకుని దాటేసింది.

ఎనిమిది వందల మీటర్లు. చివరి మలుపు దాకా ఆమే ముందు. వెనకున్న పిల్ల చాలా దూరంలో ఉంది.

అక్కడ కాళ్లు వంకర్లు తిరిగాయి. మనిషి ఒక పక్కకు ఒరిగిపోయి మట్టిలో కూలబడింది.

ఆమెను దాటి ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

టీచర్ చక్కెర, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు తాగించి అడిగింది. "ఏం తిన్నవ్ పొద్దున?"

"చాయ్."

"ఇంకేం?"

సుగుణక్క మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంది. టీచర్ కళ్లలో నీళ్లు చూశాను.

ఇంతవరకే అయితే తెలియక చేశారని సరిపెట్టుకునేవాణ్ణి. నాకు కడుపు మండేది తర్వాత జరిగినదానికి.

సంగతి విని పెదనాన్న అన్నాడు: "చెప్తే విన్నరా? ఆడపిల్ల ఒంటికి పరుగు పడదు."

అన్నం పెట్టకుండా పంపింది వాళ్లు. తప్పు ఆమె ఒంటిదట! మర్నాటి నుంచి ప్రాక్టీసు బంద్. సుగుణక్క మళ్లీ ఎప్పుడూ పరుగెత్తలేదు.

ఎంత దూరం వెళ్లేదో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశం కూడా లేకుండా చేశారు.

కొన్నేళ్ల కింద అశోక్‌నగర్ ఇంట్లో ఏదో పూజ. అందరం భోజనాలకు ఎదురుచూస్తున్నాం. అక్క మనవరాలు బ్యాడ్మింటన్ ఆడి చెమటతో వచ్చింది. సుగుణక్క నేరుగా ఆ పిల్లను కూర్చోబెట్టి, అన్నం, పప్పు, పెరుగు పెట్టింది.

"అక్కా, మగోళ్లం ఇంకా కూసోలే" అన్నాడు రవి.

"కూసోండ్రి, ఎవరొద్దన్నరు? పిల్ల రెండు గంటలు ఆడొచ్చింది. మీరేం ఆడొచ్చిండ్రు, పేకాటనా?"

హాలంతా నవ్వులు. ఆమె నవ్వలేదు. పిల్ల కంచంలోకే చూస్తూ, మళ్లీ వడ్డించింది.

ఆమెను త్యాగమూర్తి అంటున్నవాళ్లకు ఒకటే మాట. మనవాళ్లు పెట్టనిదాన్ని ఆమె వదులుకున్నట్టు రాయకండి.

రవీ, ఆ మెసేజ్ తీసెయ్. మీ అక్క అడిగిందని రాయి.

పోయిరా సుగుణక్కా. ఎవరి పంక్తి కోసమూ కాచుకోవాల్సిన పని లేనిచోట, కడుపు నిండా, మనసు నిండా హాయిగా ఉండు.