నూకమ్మ చెప్పిన అన్యాయం

డెబ్భైల మొదట్లో, వానలు పట్టే నెలలో, పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. కార్యాలయం పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. ఇళ్ళ స్థలాల ఫైళ్ళు మా సెక్షన్‌లో నడిచేవి. అర్జీదారు చెప్పింది రాసి వేలిముద్ర వేయించుకునే కాగితాన్ని వాంగ్మూలం అంటారు. తెలుగువాళ్ళ వాంగ్మూలాలను హిందీలో రాయడం నా అదనపు పని. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నాను. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. ఆ మాత్రానికే రెండు భాషలూ నా జేబులో ఉన్నాయని తెగ మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు బతు బస్తీ నుంచి నూకమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపలమ్ముకుంటూ, భర్త పేరిట ఇచ్చిన స్థలంలో పాక వేసుకుని, ఇద్దరు ఆడపిల్లలతో ఉంటోంది. ఆ స్థలాన్ని తన పేరుకు మార్చమని అర్జీ. ప్రశ్నలు అచ్చుకాగితం మీద ఉంటాయి, వరసగా అడగాలి. భర్త ఎక్కడున్నాడన్న ప్రశ్న దగ్గర ఆమె తల వంచుకుంది. "ఊరెల్లినాడు బావూ. అక్కడే మమ్మల్ని అన్నాయం చేసేసి ఎల్లిపోనాడు" అంది.

హిందీలోనూ అదే మాట ఉంది కదా, నా కలం ఆగలేదు. భర్త అన్యాయం చేసి వెళ్ళిపోయాడని గుండ్రటి దస్తూరీతో రాశాను. రాసింది చదివి వినిపించాలన్నది నియమం. వినిపించాను కూడా, హిందీలో. 'అన్యాయ్' అన్న మాట చెవిన పడగానే ఆమె తల ఊపి వేలిముద్ర వేసింది.

మా అధికారి ఉత్తరాది మనిషి, నెమ్మదస్తుడు. ఫైలు చూసి, భర్త భార్యను వదిలేశాడని అంచున నోట్ రాశారు. నిబంధన ప్రకారం వదిలేసి పోయినవాడు బతికున్నట్టే. స్థలం అతనిదే, భార్య పేరుకు మారదు. ముప్పై రోజుల్లో అతను స్వయంగా రాకపోతే కేటాయింపు రద్దవుతుంది, పాక ఖాళీ చేయాలి. ఆ నోటీసు టైపు చేసిందీ నేనే.

నోటీసు అందిన మర్నాడే నూకమ్మ దాన్ని పట్టుకుని వచ్చింది. ఎవరో చదివి చెప్పారట. మొగుణ్ణి తెమ్మంటున్నారు, ఎక్కణ్ణుంచి తేవాలని అడిగింది. నాకు విసుగొచ్చింది. అన్యాయం చేశాడని నువ్వే చెప్పావు కదా దీదీ, ఏం చేశాడు, కొట్టేవాడా, ఊళ్ళో ఇంకొకతె ఉందా అని పెద్దమనిషిలా ఆరా తీశాను. ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది.

"ఆయన నన్నొక్క మాట అనీవోడు కాదు. కామెర్లొచ్చి సచ్చిపోనాడు బావూ. నన్నూ పిల్లల్నీ ఒగ్గేసి సచ్చిపోడం అన్నాయం గాదేటి?"

మా వేటవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పోయిన మొగుడి గురించి 'చచ్చిపోయాడు' అనరు. అన్యాయం చేసి వెళ్ళాడంటారు. మా అమ్మ నోట నేను ఎన్నిసార్లు విన్నానో! ఇంట్లో అర్థమయ్యే మాట ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి హిందీ అయిపోయింది. ఆమె దాచుకున్న మాటను నేనే అనిపించానని సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఊరి మునసబు రాసిచ్చిన మరణ పత్రం ఆమె సంచిలోనే ఉంది. ఎందుకివ్వలేదంటే, మీరడగలేదు కదా అంది. నిజమే, ఆ ప్రశ్న రెండో పేజీలో ఉంది. భర్త బతికే ఉన్నాడనుకుని నేను ఆ పేజీ తిప్పలేదు.

వేలిముద్ర పడిన వాంగ్మూలంలో అక్షరం కూడా దిద్దకూడదు. అదనపు వాంగ్మూలం తీసుకోవాలి. మొదటిది ఎలా తప్పో రాసినవాడు సంతకం పెట్టి ఒప్పుకోవాలి. నా ఉద్యోగం అప్పటికి పర్మనెంట్ కాలేదు. రాయాలా వద్దా అని మధ్యాహ్నమంతా ఊగిసలాడాను. సాయంత్రానికి, అనువాద దోషం నాదేనని రాసి అధికారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, నీ మాతృభాష తెలుగే కదా అని అడిగారు. అవునన్నాను. నా సర్వీసు మొత్తంలో అంతకంటే గట్టి తిట్టు తినలేదు.

నోటీసు రద్దయింది. స్థలం నూకమ్మ పేరుకు మారింది. నాకు మందలింపు పడి, ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యంగా పర్మనెంటయింది. ఈ రోజుకీ దాని గురించి నాకు బాధ లేదు, చవగ్గానే బయటపడ్డాను.

కాగితం చేతికిచ్చిన రోజున, నా వల్ల నీకు అన్యాయం జరిగింది దీదీ, క్షమించు అన్నాను. ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడత పెట్టింది.

"నీది పొరపాటు బావూ. అన్నాయం అంత సిన్నది కాదు" అంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా వందల వాంగ్మూలాలు రాశాను. తెలియని మాట వస్తే ఎవరినైనా అడుగుతాం, కాబట్టి దానితో పేచీ లేదు. మునిగేది తెలుసనుకున్న మాటతోనే. అందుకే ఎవరైనా అన్యాయమంటే కలం పక్కన పెట్టేవాణ్ణి. ఏం జరిగిందో ముందు అడిగి, ఆ తర్వాతే రాసేవాణ్ణి.